చైన్ తెగాక మొదట స్క్రూడ్రైవర్ తీయొద్దు

(కడపలో సైకిల్ తొక్కేవాళ్ళ కోసం ఒక ఆదివారం ఉదయం జరిగిన కార్యక్రమంలో ఒక సైకిల్ మెకానిక్ చేసిన ప్రసంగం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకు రండప్పా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నా మాటలు వినబడటం కన్నా ఈ స్టాండు మీదున్న సైకిల్ కనబడటం ముఖ్యం.

ఇది మన తమ్ముడొకరిది. ముందు పెడల్ దగ్గర మూడు పళ్ళ ప్లేట్లు, వెనక ఏడు పళ్ళ చక్రాలు, అంటే స్ప్రాకెట్లు, మొత్తం 21 గేర్లు. గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే చైన్ తెగింది. లగేజీ ఆటోలో వేసుకుని కడపకు తెచ్చి, చైన్ కలిపించుకున్నాడు. అప్పటి నుంచి గేర్లు కుదరడం లేదు. మూడు వేస్తే నాలుగులో పడుతుంది. పెద్ద స్ప్రాకెట్‌కు వేస్తే స్పోకుల దగ్గర గరగరమంటుంది. ఏ గేరులో తొక్కినా మధ్యమధ్యలో ఒక టక్కు. నా దగ్గరికి వచ్చేలోపు ఎన్ని చేతులు పడ్డాయో గానీ, చైన్‌ను స్ప్రాకెట్ నుంచి స్ప్రాకెట్‌కు జరిపే ఈ వెనక డీరెయిలర్ స్క్రూల తలలన్నీ అరిగిపోయి ఉన్నాయి.

నేను చెప్పదలచుకున్నది ఆ స్క్రూల సంగతే. చైన్ తెగి, కలిపాక గేర్లు సరిగా పడకపోతే అందరి చెయ్యీ ముందు వీటి మీదికే పోతుంది. ఇదిగో, పక్కపక్కనే రెండున్నాయి. ఒకదాని దగ్గర హెచ్ అనీ, ఇంకోదాని దగ్గర ఎల్ అనీ చిన్న అక్షరాలుంటాయి. హెచ్ చిన్న స్ప్రాకెట్ వైపు హద్దు, ఎల్ పెద్ద స్ప్రాకెట్ వైపు హద్దు. డీరెయిలర్ ఇటు ఇంతకు మించి, అటు అంతకు మించి పోకుండా ఆపడమే వీటి పని. మధ్యలో ఉన్న ఐదు గేర్లకూ వీటికీ సంబంధమే లేదు.

ఇప్పుడు చెప్పండి, చైన్ తెగితే స్క్రూ దానంతట అది తిరుగుతుందా? తిరగదు కదా. నిన్నటి దాకా సరిగ్గా ఉన్న హద్దు ఇవాళ ఎందుకు తప్పింది? అది తప్పలేదు, ఇంకేదో మారింది. ఆ మారినదాన్ని వదిలేసి మారనిదాన్ని తిప్పారనుకోండి, ఒక తప్పు కాస్తా రెండవుతుంది. తర్వాత చూసేవాడికి ఏది చైన్ చేసిందో, ఏది చెయ్యి చేసిందో అంతుపట్టదు.

మరి ఏం మారుతుంది? దానికి చైన్ ఎట్ల తెగుతుందో తెలియాలి. చైన్ తెగడమంటే రేకు రెండు ముక్కలవడం అరుదు. పిన్ను మీది నుంచి బయటి రేకు ఒక పక్క ఊడి వస్తుంది. ఘాట్‌లో లేచి నిలబడి బలమంతా వేసి తొక్కుతూనే ముందు గేరు మారుస్తారు చూడండి, అప్పుడు చైన్ పక్కకు మెలిపడుతుంది. ఎక్కడ పట్టు తక్కువుందో అక్కడ రేకు జారుతుంది. చాలాసార్లు అది అంతకు ముందెప్పుడో ఎవరో పిన్ను కొట్టి కలిపిన లింకే.

రేకు పూర్తిగా ఊడి చైన్ రోడ్డు మీద పడిపోతే ఒక రకంగా అదృష్టం. కాలు ఖాళీగా పోయి మనిషి తూలుతాడు, అంతే. సగం ఊడి, ఒక పక్క పట్టుకుని, ఒక పక్క తెరుచుకుని ఉంటే మాత్రం కష్టం. తెరుచుకున్న ఆ రేకు చైన్‌తో పాటే పోతుంది. మొదట, చైన్‌ను ప్లేటు నుంచి ప్లేటుకు నెట్టే ముందు డీరెయిలర్ కేజ్‌లో, అంటే దాని రెండు రేకుల మధ్య, దూరుతుంది, అక్కడ తగిలితే కేజ్ మెలిపడుతుంది. అక్కడ తప్పించుకుంటే ప్లేటు చుట్టి, కింది నుంచి వెనక డీరెయిలర్ పుల్లీల, అంటే దాని రెండు చిన్న పళ్ళ చక్రాల, మధ్యకు వస్తుంది. అక్కడ ఇరుక్కుంటుంది. మనిషేమో ఎక్కుడులో ఉన్నాడు, తొక్కుతూనే ఉంటాడు. స్ప్రాకెట్ చైన్‌ను గుంజుతుంది, చైన్ డీరెయిలర్‌ను గుంజుతుంది. డీరెయిలర్‌ను పట్టుకుని ఉన్నది ఫ్రేము చివర ఈ చిన్న ముక్క, హ్యాంగర్. వంగేది అదే. చాలా ఫ్రేములకు దాన్ని మెత్తని అల్యూమినియంతో విడిగా చేసి బిగిస్తారు. ఫ్రేమో డీరెయిలరో పోకుండా ముందు అది వంగాలనే.

ఇంకొకటుంది, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తమ్ముడిని అడిగాను, ఆటోలో సైకిల్ ఎట్ల వేశావని. పడుకోబెట్టానన్నా అన్నాడు. ఏ పక్కకు? గుర్తు లేదన్నాడు. గుర్తు లేకపోయినా చూడండి, ఈ డీరెయిలర్ బయటి మొహం మీద కొత్త గీతలున్నాయి, గీతల్లో ఆకుపచ్చ రంగు అంటుకుని ఉంది. ఆటో అడుగు రేకు రంగది. చైన్ ఉన్న పక్క కిందికి పడుకోబెట్టి, దారంతా గుంతల్లో ఎగరేసుకుంటూ తెచ్చారు. చైన్ తెగినప్పుడు వంగిందో, ఆటోలో వంగిందో నేను చెప్పలేను గానీ, ఆటో వాటా మాత్రం ఉంది. సైకిల్‌ను ఎక్కడ పడుకోబెట్టినా చైన్ ఉన్న పక్క ఆకాశం చూడాలి.

సరే, పనిలోకి వద్దాం. చేతిలో ఏ పనిముట్టూ లేకుండా సైకిల్ వెనక ఇట్ల కూర్చోండి. కన్ను స్ప్రాకెట్ ఎత్తుకు రావాలి. చైన్ మధ్య స్ప్రాకెట్ మీద ఉండాలి. పైన స్ప్రాకెట్, దాని కింద పై పుల్లీ, దాని కింద చిన్న కేజ్‌లో కింది పుల్లీ, మూడూ ఒకే నిలువు గీత మీద ఉండాలి. దీనిలో చూడండి, కింది పుల్లీ స్పోకుల వైపు ఒరిగింది. ముందుకొచ్చి చూడమ్మా, ఎడమ పక్కకు. కనబడిందా? ఆ ఒరుగు చాలు, నేను ఇంకా ఏ స్క్రూ ముట్టనవసరం లేదు.

ఇంత చిన్న ఒరుగుకు ఇంత గోలా అనిపించొచ్చు. ఈ ఏడు స్ప్రాకెట్ల ఫ్రీవీల్‌లో ఒకదాని నడిమి నుంచి ఇంకోదాని నడిమికి 5 మిల్లీమీటర్లే. పుల్లీ ఒక్క మిల్లీమీటరు తప్పిందంటే ఐదో వంతు తప్పినట్టు. స్ప్రాకెట్లు పెరిగే కొద్దీ ఆ ఎడం ఇంకా తగ్గుతుంది, పది స్ప్రాకెట్ల సైకిళ్ళలో 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. పాతకాలంలో ఈ బాధ లేదు. టూర్ డి ఫ్రాన్స్ పందెంలో డీరెయిలర్‌ను అనుమతించిందే 1937లో. ఆ తర్వాత కూడా చానా ఏళ్ళు గేరు మార్చే లివర్‌కు గాట్లు లేవు, తొక్కేవాడే చెవితో వింటూ కొంచెం అటూ ఇటూ జరుపుకునేవాడు. హ్యాంగర్ కాస్త వంగినా ఆ చెయ్యే సర్దేసేది. 1984లో సైకిల్ భాగాలు చేసే షిమానో కంపెనీ వాళ్ళు క్లిక్కుకు ఒక గేరు చొప్పున పడే ఎస్‌ఐఎస్ తెచ్చారు. అప్పటి నుంచి కొలత లివర్‌లోకి పోయింది. లివర్ ఒక క్లిక్కుకు ఇంతే వైరు లాగుతుంది. కింద హ్యాంగర్ వంగిందన్న సంగతి దానికి తెలియదు.

అందుకే వంగిన హ్యాంగర్‌కు ఒక లక్షణం ఉంటుంది. వైరు బిగువు మార్చే అడ్జస్టర్ తిప్పి మూడో గేరు కుదిరిస్తే ఆరోది చెడుతుంది, ఆరోది కుదిరిస్తే రెండోది చెడుతుంది. డీరెయిలర్ పోయే దారే వాలిపోయింది కాబట్టి అన్నీ ఒకేసారి కుదరవు. అదే వైరు లూజయితే అన్ని గేర్లూ ఒకే తీరుగా తప్పుతాయి, అడ్జస్టర్ పావు చుట్టో అర చుట్టో తిప్పితే అన్నీ కలిసి దారికొస్తాయి. వైరు తుప్పు పట్టో, వైరు మీది గొట్టం, అంటే అవుటర్‌లో, దుమ్ము చేరో పట్టేస్తుంటే ఇంకో తీరు: పెద్ద స్ప్రాకెట్‌కు బాగా ఎక్కుతుంది, చిన్నదానికి దిగేటప్పుడు ఆలస్యం. ఎక్కించేది మన బొటనవేలు, దించేది డీరెయిలర్ స్ప్రింగు. స్ప్రింగుకు మన వేలంత బలం ఉండదు.

హ్యాంగర్ ఎంత వంగిందో కొలవడానికి గేజ్ దొరుకుతుంది. మన దగ్గర లేదనుకోండి, ఇంకో సైకిల్ వెనక చక్రం చాలు. డీరెయిలర్ విప్పేయండి. హ్యాంగర్ రంధ్రంలో ఉండే మర 10 మిల్లీమీటర్లు, మరకూ మరకూ ఎడం 1 మిల్లీమీటరు. క్విక్ రిలీజ్, అంటే పానా లేకుండా లివర్‌తో విప్పే రకం, ఉన్న వెనక చక్రం ఇరుసు మర కూడా అదే. ఆ ఇరుసును నేరుగా ఇందులోకి తిప్పొచ్చు. ఇదిగో తిప్పుతున్నా. ఇప్పుడు రెండు చక్రాలు పక్కపక్కనే నిలబడ్డాయి. రెండు రిమ్ముల మధ్య ఎడం పైన, కింద, ముందు, వెనక స్కేలుతో చూడండి. పైన కన్నా కింద వేలి మందం తక్కువుంది. అంటే కింది పక్క లోపలికి వంగింది. కంటికి కనబడిందే స్కేలూ చెప్పింది. ఒక జాగ్రత్త: రెండు పక్కలా నట్లు బిగించే మామూలు ఇరుసు వాడొద్దు. అది 3/8 అంగుళం, మర వేరు. బలవంతంగా తిప్పితే హ్యాంగర్ మర పోతుంది, ఆ తర్వాత డీరెయిలర్ బిగించడానికి కూడా పనికిరాదు.

ఈ చక్రాన్నే పట్టుకుని మెల్లగా బయటికి లాగుతా. కొంచెం లాగి వదలాలి, చూడాలి, మళ్ళీ కొంచెం. ఒక్క దెబ్బకు సరి చేయాలని చూస్తే అటు పక్కకు పోతుంది, మళ్ళీ ఇటు లాగాలి. అల్యూమినియం ఇటూ అటూ వంచితే పగులుతుంది. ఒకసారి సరిచేసినదాన్ని నమ్మొచ్చు, మళ్ళీ వంగితే కొత్తది వేయించుకోండి. కొత్తదానికి పోయేటప్పుడు పాతది జేబులో వేసుకుని పోండి, ఫ్రేముకో రకం హ్యాంగర్ ఉంటుంది. ఉక్కు ఫ్రేముకే కలిసి ఉన్న హ్యాంగర్ అయితే ఇంకా ఓర్చుకుంటుంది.

అయింది, నాలుగు పక్కలా సమానం వచ్చింది. డీరెయిలర్ బిగిస్తున్నా. చైన్ వేసి తిప్పుతా, వినండి.

ఆ టక్కు ఇంకా ఉంది. విన్నారా? అంటే అది హ్యాంగర్ తప్పు కాదు, ఇంకోటి ఉంది. ఇప్పుడు మీ చెవికి పని. పెడల్ చుట్లు లెక్కపెట్టండి, చైన్ ముందు పెద్ద ప్లేటు మీద ఉంది. టక్కు... ఒకటి, రెండు, టక్కు. రెండున్నర చుట్లకొకసారి వస్తోంది. పెడల్ ప్రతి చుట్టుకూ వచ్చి ఉంటే ప్లేటు పన్ను వంగిందనో, పెడల్ కాడ, అంటే క్రాంక్‌లో, ఏదో ఉందనో అనుకోవాలి. వెనక చక్రం చుట్టుకొకసారి అయితే స్ప్రాకెట్ పన్ను. ఇది రెండూ కాదు. ఈ చైన్‌లో 108 లింకులున్నాయి, పెద్ద ప్లేటుకు 42 పళ్ళు. ఒక చుట్టుకు 42 లింకులు పోతాయి. 108ని 42తో భాగించండి సార్, మీరు లెక్కల మాస్టారు కదా. రెండున్నర పైచిలుకు. అంటే చైన్ మొత్తం ఒకసారి తిరిగి వచ్చినప్పుడల్లా టక్కు. తప్పు చైన్‌లోనే, ఒకే లింకులో ఉంది. నమ్మకం లేకపోతే 34 పళ్ళ మధ్య ప్లేటు మీద వేసి చూద్దాం... మూడు చుట్లు దాటాక వచ్చింది. సరిపోయిందా?

ఇప్పుడు పెడల్ వెనక్కి మెల్లగా తిప్పుతా, కింది పుల్లీని చూడండి. ప్రతి లింకూ వంపు తిరిగి పోతోంది. ఇదిగో ఇది, ఇది మాత్రం వంగకుండా కర్రలా వచ్చి కేజ్‌ను ఎగరేసింది. కలిపిన లింకు ఇదే. పిన్ను కొట్టేటప్పుడు రెండు రేకులూ దగ్గరికి నొక్కుకుపోయాయి, లింకు బిగుసుకుంది. రెండు పక్కలా పట్టుకుని అడ్డంగా, అంటే లింకు వంగని దిక్కుకు, కొంచెం అటూ ఇటూ వంచితే వదులవుతుంది. ఆయిల్ వేస్తే పోతుందంటారు, పోదు. ఈ చైన్‌కు నేను అదీ చేయను. పిన్ను ఒక పక్క రేకు నుంచి ఎంత బయటికొచ్చిందో చూడండి, ఇంకో పక్క రేకులో పట్టు అంచు మీదే ఉంది. మళ్ళీ ఘాట్ ఎక్కితే ఇక్కడే ఊడుతుంది. ఆ లింకు తీసేసి, ఏడు-ఎనిమిది స్పీడ్ల, అంటే వెనక అన్ని స్ప్రాకెట్లుండే, చైన్‌కు సరిపోయే క్విక్ లింక్, పిన్ను కొట్టకుండా కలిపే లింకు, వేస్తా. సన్నని చైన్లలో, తొమ్మిది స్పీడ్ల నుంచి పైకి, పాత పిన్నునే మళ్ళీ కొట్టి వాడటం అసలు మంచిది కాదు.

చైన్ కలిపినప్పుడు జరిగే ఇంకో పొరపాటుంది, ఈ సైకిల్‌లో లేదు గానీ చూపిస్తా. రెండు పుల్లీల మధ్య, కేజ్‌కు ఈ చిన్న కొక్కెం లాంటిది కనబడుతోందా? చైన్ దీని లోపలి నుంచి పోవాలి. తొందరలో బయటి నుంచి, దాని మీదుగా ఎక్కించేస్తారు. సైకిల్ తిరుగుతుంది, గేర్లూ పడతాయి, కానీ ఎప్పుడూ గీకుతున్న చప్పుడు. జనం దాన్ని పట్టుకుని హ్యాంగర్ అంటారు, బేరింగ్ అంటారు, పుల్లీలు మారుస్తారు. చైన్ విప్పి సరిగ్గా దూర్చితే అయిపోయే పని.

చప్పుడు అన్నిసార్లూ డీరెయిలర్‌ది కాదు. చైన్ తెగింది కదా అని కొత్త చైన్ వేయించారు, తర్వాత బలంగా తొక్కితే గేరు జారుతోంది, ఊరికే తిప్పితే బాగుంది. ఎప్పుడూ వాడే రెండు మూడు స్ప్రాకెట్లలోనే జారుతుంది, పెద్దదానిలో జారదు. అది అరిగిన పళ్ళ పని. పాత చైన్, పాత పళ్ళు కలిసి అరిగాయి, వాటికవి సరిపోయాయి. కొత్త చైన్ కొలత వేరు. ఎంత అరిగిందో తెలియాలంటే మామూలు స్కేలు చాలు. కొత్త చైన్‌లో పిన్నుకూ పిన్నుకూ అర అంగుళం, 24 లింకులకు సరిగ్గా 12 అంగుళాలు. 12 అంగుళాల కన్నా 1/16 అంగుళం ఎక్కువ వస్తే చైన్ మార్చేయాలి. 1/8 దాకా పోనిచ్చారంటే వెనక స్ప్రాకెట్లకూ డబ్బులు సిద్ధం చేసుకోవాల్సిందే. ఎర్రగుంట్ల వైపు రోజూ తొక్కేవాళ్ళు ఇది తొందరగా చూసుకోండి, ఆ దారి దుమ్ము ఆయిల్‌తో కలిసి చైన్ లోపలికి చేరితే పిన్నులు అరగడానికి ఎక్కువ రోజులు పట్టదు.

ముందు డీరెయిలర్ గురించి రెండే మాటలు. కేజ్ బయటి రేకు పెద్ద ప్లేటు పళ్ళకు పైన 1 నుంచి 3 మిల్లీమీటర్ల ఎత్తులో, ప్లేటుకు సమాంతరంగా ఉండాలి. చైన్ గుంజినప్పుడు క్లాంపు ఫ్రేము గొట్టం మీద తిరిగిపోయి ఉంటుంది. పెయింటు మీద పాత క్లాంపు గుర్తు ఉంటుంది, దానికి కలిపి బిగిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇక ఇప్పుడు తీస్తా స్క్రూడ్రైవర్. వంగింది నిటారైంది, బిగుసుకున్న లింకు పోయింది. ఇన్ని చేతులు తిప్పాయి కాబట్టి హద్దులు పెట్టక తప్పదు. చిన్న స్ప్రాకెట్‌లో వేసి, వెనక నుంచి చూస్తూ పై పుల్లీ దాని కిందికి వచ్చేదాకా హెచ్. తర్వాత వైరు బిగించి, అడ్జస్టర్‌తో గేర్లు. చివర పెద్ద స్ప్రాకెట్ కింద పుల్లీ నిలబడేలా ఎల్. ఎల్‌ను మాత్రం చేత్తో డీరెయిలర్‌ను లోపలికి నెట్టి చూడండి, స్పోకుల వైపు ఇంకా పోతుంటే స్క్రూ బిగించాలి. స్పోకుల్లో డీరెయిలర్ దూరిందంటే హ్యాంగర్, డీరెయిలర్, స్పోకులు మూడూ ఒకేసారి పోతాయి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒక మెకానిక్: మా అంగడిలో మామూలు సైకిల్ చైన్ లాకులే, అంటే చైన్ కొసలు కలిపే క్లిప్పు లింకులే, ఉంటాయన్నా. గేర్ సైకిల్‌కు అది వేస్తే తప్పా?)

తప్పే అన్నా. మామూలు సైకిల్ చైన్ 1/8 అంగుళం వెడల్పు, ఇది 3/32. ఆ లాకు వెడల్పు ఎక్కువ, పైగా దాని క్లిప్పు పక్కకు పొడుచుకుని ఉంటుంది. పక్క స్ప్రాకెట్‌కు, కేజ్‌కు తగులుతుంది. ఇందాకటి టక్కే మళ్ళీ వస్తుంది, ఈసారి క్లిప్పు ఎగిరిపోయి చైన్ కూడా ఊడుతుంది. గేర్ సైకిల్ క్విక్ లింకులు ఒక నాలుగు తెచ్చి పెట్టుకోండి, స్పీడ్‌ను బట్టి వేరువేరుగా.

(ఒక విద్యార్థిని: అన్నా, తెగినప్పుడల్లా ఒక్కో లింకు తీసేస్తే చైన్ పొట్టిదవుతుంది కదా, ఎంతవరకు పరవాలేదు?)

మంచి మాట అడిగావమ్మా. డీరెయిలర్‌లో దూర్చకుండా చైన్‌ను ముందు పెద్ద ప్లేటు, వెనక పెద్ద స్ప్రాకెట్ మీదుగా చుట్టి చూడు. రెండు కొసలు కలిసే చోట ఇంకో రెండు లింకులు, అంటే ఒక అంగుళం, మిగలాలి. దానికన్నా తక్కువైతే ఎప్పుడో ఒకసారి పొరపాటున పెద్దదానికి పెద్దది వేస్తావు, చైన్ బిర్రుగా సాగి డీరెయిలర్‌ను ఊడబెరుకుతుంది. అప్పటికి పొట్టిదైపోయి ఉంటే, కొత్త చైన్ వేసేదాకా ఆ రెండూ కలిపి వేయకు.

(ఇంకొకరు: ఘాట్ మీద డీరెయిలర్ వంగిపోయి, చైన్ కలిపే వీలు కూడా లేకపోతే ఏం చేయాలి?)

కడప నుంచి ఎక్కుతుంటే కదా, తిరిగొచ్చేదంతా దిగుడే. చైన్ మొత్తం తీసి సంచిలో వేసుకోండి, వేలాడనివ్వొద్దు, స్పోకుల్లో పడుతుంది. డీరెయిలర్ స్పోకులకు తగులుతుంటే ఎలెన్ కీతో విప్పి, వైరుతో పాటు ఫ్రేముకు కట్టేయండి. చైన్ లేకపోయినా బ్రేకులు పనిచేస్తాయి. రెండు బ్రేకులూ పట్టి, విడిచి విడిచి దిగండి. ఆ మలుపుల్లో లారీలు ఎక్కువ, ఎడమ అంచు వదలొద్దు. చదును వచ్చాక నడిపించుకుంటూ రండి.

ఇంక మీ సైకిళ్ళు ఒక్కొక్కటే స్టాండు దగ్గరికి తెండి. స్పోకుల దగ్గర చప్పుడొచ్చేవి ముందు.